ఆర్యభటుని దినసంఖ్య: 157,79,17,500

నూట యాభై ఏడు కోట్ల డెబ్భై తొమ్మిది లక్షల పదిహేడు వేల ఐదు వందలు. ఒక సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం దాకా ఒక రోజుగా లెక్కపెడితే, ఆర్యభటుని గణన ప్రకారం ఒక మహాయుగంలో, అంటే 43,20,000 సంవత్సరాలలో, ఇన్ని రోజులుంటాయి. కావలిలో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ బతికే నేను ఈ సంఖ్య దగ్గరకు పంచాంగాల మీద భక్తితో రాలేదు, కారణాంకాల మీద ఇష్టంతో వచ్చాను. దీన్ని విప్పి చూస్తే, యంత్రాలేవీ లేని రోజుల్లో ఇంత పెద్ద సంఖ్యను మనుషులు చేతి లెక్కతో ఎలా లొంగదీసుకున్నారో స్పష్టంగా కనబడుతుంది. ఆ లొంగే గుణం సంఖ్యలోనే ఉందని, అది చాలావరకు చివరి నాలుగు అంకెలలో దాగి ఉందని నా అభిప్రాయం.

క్రీ.శ. 499 నాటికి తనకు 23 ఏళ్లు నిండాయని చెప్పుకున్న ఆర్యభటుడు ఈ సంఖ్యను నేరుగా ఇవ్వలేదు. తన ఆర్యభటీయంలోని మొదటి భాగమైన గీతికాపాదంలో ఆయన చెప్పినవాటిలో మనకు కావలసినవి రెండు: మహాయుగంలో సూర్యుడు నక్షత్రమండలాన్ని 43,20,000 సార్లు చుట్టివస్తాడు, భూమి తన చుట్టూ తాను 158,22,37,500 సార్లు తిరుగుతుంది. రెండోదానిలోంచి మొదటిదాన్ని తీసివేస్తే మన సంఖ్య మిగులుతుంది. తీసివేయడం ఎందుకంటే, నక్షత్రాల దృష్ట్యా భూమి ఒక చుట్టు పూర్తిచేసే సరికి సూర్యుడు కొద్దిగా తూర్పుకు జరిగి ఉంటాడు కాబట్టి, మళ్లీ సూర్యోదయం కావాలంటే భూమి ఇంకాస్త తిరగాలి. ఏడాది పొడవునా ఈ కొసర్లన్నీ కూడితే సరిగ్గా ఒక చుట్టవుతుంది. భూమే తిరుగుతున్నదని నమ్మి, ఆ చుట్లను లెక్కపెట్టి, వాటిలోంచి రోజులను రాబట్టడం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. ఈ రెండు సంఖ్యల నిష్పత్తిని బట్టి భూమి ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం 23 గంటల 56 నిమిషాల 4.1 సెకన్లు వస్తుంది, నేటి కొలత కూడా సెకనులో పదోవంతు వరకు ఇదే.

ఆ సంఖ్యలను ఆయన రాసిన తీరు కూడా చూడదగినది. సూర్యుని 43,20,000 చుట్లకు ఆయన వాడిన మాట 'ఖ్యుఘృ'. క నుంచి మ వరకు ఉన్న ఇరవై ఐదు హల్లులకు వరుసగా 1 నుంచి 25 దాకా, య నుంచి హ వరకు ఉన్నవాటికి 30, 40 అంటూ 100 దాకా విలువలు. అచ్చులు స్థానాలను చెబుతాయి: అ ఒకటి, ఇ వంద, ఉ పది వేలు, ఋ పది లక్షలు. ఖకారం 2, యకారం 30, రెండింటికీ ఉకారం ఉంది కనుక 20,000, 3,00,000 అవుతాయి. ఘకారం 4, దానికి ఋకారం ఉంది కనుక 40,00,000. మూడూ కలిపితే 43,20,000. మన అక్షరమాల వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లవాడు దీన్ని ఐదు నిమిషాలలో నేర్చుకుంటాడు.

ఇక కారణాంకాల సంగతి. 157,79,17,500లోని అంకెలన్నీ కూడితే 42 వస్తుంది, అందువల్ల సంఖ్య 3తో పోతుంది గానీ 9తో పోదు. చివరి రెండు అంకెలు సున్నాలు కనుక 4తో పోతుంది, చివరి మూడంకెలు 500 కనుక 8తో పోదు. చివరి నాలుగంకెలు 7500, అది 625తో పోతుంది, కాబట్టి మొత్తం సంఖ్య కూడా పోతుంది. చివరి ఐదంకెలు 17,500 అయినందువల్ల 3125తో మాత్రం పోదు. అంటే 4, 3, 625 బయటికి వచ్చేశాయి. వాటి లబ్ధం 7500. దానితో భాగిస్తే 2,10,389 మిగులుతుంది.

ఈ 2,10,389 దగ్గర పని కష్టమవుతుంది. ఒకసారి దీన్ని పదో తరగతి పిల్లలకు ఇచ్చి, ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించుకుంటూ పొమ్మన్నాను. ఏడుతో పోలేదు, పదకొండుతో పోలేదు, పదమూడుతో పోలేదు. నలభైలు దాటేసరికి చాలామంది ఇది ప్రధాన సంఖ్యే అయి ఉంటుందని తేల్చేసి పలకరింపుల్లో పడ్డారు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి "అరవై ఒకటితో పోయింది సార్" అన్నప్పుడు తరగతిలో వచ్చిన కదలిక నాకు ఇప్పటికీ గుర్తుంది. 61 × 3449 = 2,10,389. 3449ని 59కి లోపున్న ప్రధాన సంఖ్యలతో పరీక్షిస్తే చాలు, దేనితోనూ పోదు, అది ప్రధాన సంఖ్య. కాబట్టి మన సంఖ్య 2² × 3 × 5⁴ × 61 × 3449. దీనికి మొత్తం 120 భాజకాలున్నాయి. ఇంతకు 365 రెట్లు చిన్నదైన 43,20,000కు 180 భాజకాలున్నాయన్నది గమనించాలి. అందులో 2, 3, 5 తప్ప మరో ప్రధాన కారణాంకం లేదు.

ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెడితేనే అసలు సంగతి తెలుస్తుంది. రెండింటి గ.సా.భా. 7500. దానితో రెండింటినీ కొట్టేస్తే 43,20,000 సంవత్సరాలు 576 సంవత్సరాలవుతాయి, 157,79,17,500 రోజులు 2,10,389 రోజులవుతాయి. పది అంకెల సంఖ్య ఆరంకెలకు దిగింది, ఒక్క రోజు కూడా పోలేదు, ఉజ్జాయింపు ఏమీ లేదు. సంవత్సరం అంటే 365 రోజులు, ఇంకా 149/576 రోజు. 576 అంటే 24 వర్గం. 2, 3 మాత్రమే కారణాంకాలుగా గల ఇటువంటి హారంతో చేతి లెక్క ఎంత సులువో, భిన్నాలతో కుస్తీ పట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. క్రీ.శ. 629లో ఆర్యభటీయానికి భాష్యం రాసిన మొదటి భాస్కరుడు సూర్యుని లెక్కలకు ఈ 576, 2,10,389లనే పట్టుకుని ఉదాహరణలు చేశాడు.

ఆ ఉదాహరణలు కుట్టకానికి సంబంధించినవి. సూర్యుడు ఇన్ని రోజులలో ఎన్ని చుట్లు తిరిగాడు అన్నది మామూలు ప్రశ్న: రోజులను 576తో గుణించి 2,10,389తో భాగిస్తే భాగఫలం చుట్లు, శేషం చుట్టులో గడిచిన భాగం. కుట్టకం దీన్ని తిరగేస్తుంది. శేషం మాత్రమే చెప్పి, ఎన్ని రోజులు గడిచాయో, ఎన్ని చుట్లు అయ్యాయో చెప్పమంటుంది. మొదట శేషం 1 కావాలనుకుందాం. పదో తరగతిలో గ.సా.భా. కోసం యూక్లిడ్ పేరుతో మేము చెప్పే భాగహారాలే ఇక్కడా చేయాలి. 2,10,389ని 576తో భాగిస్తే 365 వచ్చి 149 మిగులుతుంది. 576ను 149తో భాగిస్తే 3 వచ్చి 129, 149ని 129తో భాగిస్తే 1 వచ్చి 20, 129ని 20తో భాగిస్తే 6 వచ్చి 9, 20ని 9తో భాగిస్తే 2 వచ్చి 2, 9ని 2తో భాగిస్తే 4 వచ్చి 1 మిగులుతాయి. భాగఫలాలను ఒకదాని కింద ఒకటి రాస్తే 365, 3, 1, 6, 2, 4. ఈ నిలువు వరుసకు వల్లి అని పేరు.

ఆర్యభటుని పద్ధతిలో వల్లిని కింది నుంచి పైకి గుణిస్తూ, కూడుతూ వెళ్లాలి. నేను బోర్డు మీద పై నుంచి కిందికి చేసి చూపిస్తాను, చేరే చోటు ఒకటే, దారిలో కనబడేవి మాత్రం పిల్లలకు ఎక్కువ నచ్చుతాయి. 365తో మొదలైతే మొదట ఒక ఏడాదికి 365 రోజులు, తరువాత 3 ఏళ్లకు 1096, ఆ తరువాత 4 ఏళ్లకు 1461 రోజులు వస్తాయి. ఈ మూడోది మనం క్యాలెండరులో నాలుగేళ్లకోసారి చేర్చే ఫిబ్రవరి 29వ తేదీ తప్ప మరొకటి కాదు. ఇంకా దిగితే 27 ఏళ్లకు 9862, 58 ఏళ్లకు 21,185, 259 ఏళ్లకు 94,602. ప్రతి మెట్టులోనూ భిన్నం అసలు విలువకు ఒకసారి పైనుంచి, ఒకసారి కిందినుంచి దగ్గరవుతూ పోతుంది. చివరి జతే మనకు కావలసింది: 94,602ను 576తో గుణిస్తే 5,44,90,752, 2,10,389ని 259తో గుణిస్తే 5,44,90,751. తేడా సరిగ్గా ఒకటి. అంటే 94,602 రోజులు గడిచాక సూర్యుడు 259 చుట్లు పూర్తిచేసి, ఆ పైన చుట్టులో 2,10,389వ వంతు మాత్రమే నడిచి ఉంటాడు.

శేషం 1కి జవాబు దొరికితే అన్ని శేషాలకూ దొరికినట్లే. శేషం 5 కావాలంటే 94,602ను 5తో హెచ్చవేసి, వచ్చిన 4,73,010లోంచి 2,10,389ని రెండుసార్లు తీసివేస్తే 52,232 రోజులు. సరిచూసుకోవచ్చు: 52,232 × 576 = 3,00,85,632; దానిలోంచి 143 చుట్లకు తగిన 3,00,85,627 పోతే 5 మిగులుతుంది. 61, 3449 అనే రెండు ప్రధాన సంఖ్యలూ 576లో లేవు కనుకనే ఇది ప్రతి శేషానికీ పనిచేస్తుంది. రెండు సంఖ్యలకూ ఇంకా ఏదైనా ఉమ్మడి కారణాంకం మిగిలి ఉంటే కొన్ని శేషాలకు జవాబే ఉండేది కాదు.

వారాల లెక్క మరీ ముచ్చటైనది. ఆర్యభటుడు మహాయుగాన్ని నాలుగు సమాన పాదాలు చేశాడు, ఒక్కొక్కటి 10,80,000 సంవత్సరాలు. సంఖ్య 4తో పోతుంది కాబట్టి ఒక్కో పాదానికి సరిగ్గా 39,44,79,375 రోజులు. దీన్ని ఏడుతో భాగిస్తే శేషం 3. కలియుగారంభానికి మూడు పాదాలు గడిచాయి గనుక శేషం 9, అందులో ఒక వారం పోతే 2. యుగం బుధవారం సూర్యోదయాన మొదలైందని గీతికాపాదం చెబుతుంది. బుధవారానికి రెండు రోజులు కలిపితే శుక్రవారం. కలియుగం శుక్రవారం మొదలైందన్నది సంప్రదాయం. కోట్లకు పోనక్కరలేకుండా 3, 9, 2 అనే చిన్న శేషాలతో రెండు వాక్యాలు పొసిగాయి. ఇదే శుక్రవారం నుంచి మన కాలానికి కూడా రావచ్చు. 2025 మార్చి 30, విశ్వావసు ఉగాది నాటికి కలియుగం మొదలై 18,72,299 రోజులు గడిచాయి. ఏడుతో భాగిస్తే శేషం 2. శుక్రవారానికి రెండు కలిపితే ఆదివారం. ఆ ఉగాది ఆదివారం నాడే వచ్చింది.

ఆర్యభటుని పేరు మీద మరో దినసంఖ్య కూడా ఉంది. రోజును సూర్యోదయం నుంచి కాక అర్ధరాత్రి నుంచి లెక్కించే పద్ధతిలో ఆయన 157,79,17,800 తీసుకున్నాడు, అంటే సరిగ్గా 300 రోజులు ఎక్కువ. ఈ 300 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన రోజున నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. కలియుగంలో 3600 సంవత్సరాలు గడిచింది క్రీ.శ. 499లో. 3600 అంటే మహాయుగంలో 1200వ వంతు. మన సంఖ్యను 1200తో భాగిస్తే 13,14,931.25 రోజులు, శుక్రవారం సూర్యోదయం నుంచి లెక్కపెడితే అది ఒక ఆదివారం మధ్యాహ్నానికి చేరుతుంది. రెండో సంఖ్యను 1200తో భాగిస్తే 13,14,931.5 రోజులు, శుక్రవారానికి ముందటి అర్ధరాత్రి నుంచి లెక్కపెడితే అదీ అదే ఆదివారం మధ్యాహ్నానికే చేరుతుంది. క్రీ.శ. 499 మార్చి 21 మధ్యాహ్నం. మొదలు పావురోజు వెనక్కి జరిగింది కాబట్టి, తన కాలానికి రెండు దారులూ ఒకే చోట కలవాలంటే 3600 ఏళ్లలో పావురోజు కలపాలి, మహాయుగానికి అది 300 రోజులవుతుంది. ఆ పావు కోసం సంఖ్య చివరి ఐదు వందలు ఎనిమిది వందలైంది.

అలా మార్చినా సంఖ్య మొరటుగా తయారు కాలేదు. 157,79,17,800కూ 43,20,000కూ గ.సా.భా. 5400. కొట్టివేస్తే 800 సంవత్సరాలకు 2,92,207 రోజులు. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 665లో రాసిన ఖండఖాద్యకం అనే ఖగోళ గ్రంథంలో ఈ 800, 2,92,207లే ఉన్నాయి. సముద్రం దాటి బర్మా, థాయి దేశాల సంప్రదాయ క్యాలెండర్లలో కూడా ఇవే ఉన్నాయి. పెద్ద సంఖ్య ఇంత చక్కగా కుదించుకోకపోయి ఉంటే అంత దూరం ప్రయాణించేదా అన్నది నాకు సందేహమే.

ఇప్పుడు మనకు దొరికే సూర్యసిద్ధాంతం అనే ఖగోళ గ్రంథం మరో 28 రోజులు కలిపి 157,79,17,828 అంటుంది. మా వైపు పూర్వపద్ధతి పంచాంగాలకు ఆధారం ఇదే. ఒక ఉగాది నాడు పంచాంగ శ్రవణం అయ్యాక మా ఊరి సిద్ధాంతి గారిని మీరు ఏ సంఖ్య వాడతారని అడిగితే, పుస్తకం తెరవకుండానే "వసుద్వ్యష్టాద్రిరూపాంకసప్తాద్రితిథయో యుగే" అని చదివారు. వసువులు ఎనిమిది, ద్వి రెండు, అష్ట ఎనిమిది, అద్రులు ఏడు, రూపం ఒకటి, అంకం తొమ్మిది, సప్త ఏడు, అద్రులు ఏడు, తిథులు పదిహేను. కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే సంఖ్య వస్తుంది. దీన్ని 43,20,000తో కలిపి చూస్తే గ.సా.భా. 4 మాత్రమే. 576, 800 వచ్చిన చోట ఇక్కడ 10,80,000 సంవత్సరాలు మిగులుతాయి. సూర్యసిద్ధాంతం ప్రకారం కలియుగం 4,32,000 ఏళ్లు, అంటే మహాయుగంలో పదోవంతు. దానికి రోజులు లెక్కిస్తే 15,77,91,782.8, పూర్ణసంఖ్య కూడా కాదు. ఈ మాటే చెబితే సిద్ధాంతి గారు ఒప్పుకున్నారు. "మీ ఐదు వందలు భాగహారానికి సుఖం మాస్టారూ. మాకు సారణులు, అంటే ముందే లెక్కకట్టిన పట్టికలు, ఉండబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఒక్క సంక్రమణానికి రాత్రంతా కూర్చోవాల్సిందే" అన్నారు.

కొలత దృష్ట్యా చూస్తే రెండూ దాదాపు ఒకచోటే ఉన్నాయి. నక్షత్రాల దృష్ట్యా సంవత్సరానికి నేటి విలువ 365.25636 రోజులు, ఆర్యభటునిది 365.25868, మూడు నిమిషాల ఇరవై సెకన్లు ఎక్కువ, సూర్యసిద్ధాంతానిది 365.25876, ఇంకో ఏడు సెకన్లు ఎక్కువ. చంద్రుని విషయంలో ఆర్యభటుడు ఆశ్చర్యపరుస్తాడు. మహాయుగంలో చంద్రుని చుట్లు 5,77,53,336. అందులోంచి సూర్యుని చుట్లు తీసివేస్తే 5,34,33,336 చాంద్రమాసాలు. మన సంఖ్యను దీనితో భాగిస్తే అమావాస్య నుంచి అమావాస్యకు 29.530582 రోజులు, నేటి సగటుకు సెకను తేడా కూడా లేదు. అయితే ఇక్కడ గ.సా.భా. 12 మాత్రమే కనుక కుదింపు పెద్దగా లేదు. సూర్యచంద్రులిద్దరూ కలిసి సూర్యోదయాన మొదటి స్థానానికి రావాలంటే 3,60,000 సంవత్సరాలు పడుతుంది. సూర్యుని సంఖ్యలో ఉన్న నునుపు చంద్రుని సంఖ్యలో లేదు.

ఆ నునుపు వల్ల కలిగే ఫలితం ఒకటి మన కాలానికి దగ్గరలోనే ఉంది. 576కూ 2,10,389కీ ఉమ్మడి కారణాంకం లేనందువల్ల, మధ్యమ సూర్యుడు సరిగ్గా సూర్యోదయ క్షణాన మేషరాశి మొదటి బిందువు దగ్గర ఉండటం 576 సంవత్సరాలకు ఒక్కసారే జరుగుతుంది. (మధ్యమ సూర్యుడంటే సమవేగంతో నడుస్తాడని అనుకున్న సూర్యుడు, పంచాంగంలోని స్ఫుట మేష సంక్రమణం, అంటే అసలు సూర్యుడు మేషంలోకి ప్రవేశించడం, దీనికి రెండు రోజుల ముందే వస్తుంది.) 2,10,389ని ఏడుతో భాగిస్తే శేషం 4, అందువల్ల ఒక్కో ఆవృత్తికి వారం నాలుగు రోజులు ముందుకు జరుగుతుంది. కలియుగారంభం నుంచి లెక్కపెడితే ఎనిమిదో ఆవృత్తి క్రీ.శ. 1507 మార్చి 30, మంగళవారం నాడు పూర్తయింది. అప్పటికి మా జిల్లాలోని ఉదయగిరి దుర్గం గజపతుల చేతిలోనే ఉంది, కృష్ణదేవరాయలు దాన్ని గెలుచుకున్నది 1514లో.

తొమ్మిదో ఆవృత్తి కలియుగం మొదలైన 5184 ఏళ్లకు, అంటే 2083 ఏప్రిల్ 17, శనివారం నాడు పూర్తవుతుంది. సూర్యోదయమంటే ఇక్కడ లంకలో, ఉజ్జయిని రేఖ భూమధ్యరేఖను తాకే చోట జరిగే సూర్యోదయం. నెల్లూరు ఆ రేఖకు తూర్పున నాలుగు డిగ్రీల పైచిలుకు దూరంలో ఉంది కాబట్టి దేశాంతరం వల్ల మనకు పొద్దు దాదాపు 17 నిమిషాలు ముందే పొడుస్తుంది. పైగా మనం పద్నాలుగున్నర డిగ్రీల ఉత్తరాన ఉన్నందువల్ల ఏప్రిల్ నెలలో చరం వల్ల, అంటే అక్షాంశాన్ని బట్టి సూర్యోదయంలో వచ్చే తేడా వల్ల, ఇంకో 11 నిమిషాలు కలుస్తాయి. ఆర్యభటుని లెక్కలో 576 ఏళ్ల శేషం సున్నా అయ్యే ఆ క్షణానికి మైపాడు తీరాన సూర్యుడు ఉదయించి ఒక ఘడియ (24 నిమిషాలు) దాటి ఉంటుంది.